ఒకే చేపల కూర, ఇంట్లో నలుగురికి దద్దుర్లు: ఇది అలర్జీయేనా?

బెళ్ళందూరు అమ్మ · ఆగస్టు 3, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట. పదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

జూన్ రెండో శనివారం. అత్తయ్యగారు, మామయ్యగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారని కానాగంతలు తెప్పించి పులుసు పెట్టాను, కొన్ని వేయించాను. తిన్న అరగంటకే మామయ్యగారి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ఒళ్లంతా దద్దుర్లు, గుండె దడ, తల పగిలిపోతోందన్నారు. ఇంకో పది నిమిషాలకు మా వారికి, నాకు, మా ఐదేళ్ల బాబుకి కూడా ముఖం, మెడ ఎర్రబడి మంట. అత్తయ్యగారు శనివారం నీచు ముట్టరు కాబట్టి ఆవిడకేమీ కాలేదు. దగ్గర్లోని క్లినిక్‌కి పరుగెత్తాం. ఇంజెక్షన్లు చేశారు, రాత్రికి అందరం తేరుకున్నాం. "మీ ఇంట్లో అందరికీ చేప పడదు, ఇక మానేయండి" అన్నారు.

అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. బాబుకి చిన్నప్పటి నుంచి మోచేతుల మడతల్లో ఎగ్జిమా అనే దురద చర్మవ్యాధి ఉంది. ఎవరో చెబితే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే టెస్టు చేయించాను. 200 రకాల ఆహారాలకు చూస్తారట. రిపోర్టులో 41 ఎర్రగా వచ్చాయి. పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ, కందిపప్పు కూడా. అన్నీ ఆపేశాను. ఆరు వారాలయింది. 17 కిలోలు ఉన్న పిల్లాడు 16కి వచ్చాడు. రాత్రిళ్లు పెరుగన్నం కావాలని ఏడుస్తుంటే నాకూ ఏడుపొస్తోంది.

ఇప్పటిదాకా హాయిగా తిన్న నలుగురికి ఒకే రోజు, ఒకే పూట అలర్జీ ఎలా వస్తుంది? ఎవరైనా చెప్పగలరా?

హొరమావు · ఆగస్టు 3, రాత్రి 10:40

చదువుతుంటేనే బాధేసింది అక్కా. సమాధానం నాకు తెలియదు కానీ బెంగళూరు వచ్చాక మా ఇంట్లో అందరికీ పొద్దున్నే తుమ్ములు. నాలుగేళ్లుగా రోజూ సీట్రిజిన్ మీదే బతుకుతున్నాను. ఈ ఊరి గాలి వల్లేనేమో అనుకుంటాను. ఎవరైనా వివరంగా చెబితే నేనూ చదువుతాను.

విశాఖ తీరం · ఆగస్టు 4, ఉదయం 6:05

అమ్మా, మాది మూడు తరాలుగా చేపల వ్యాపారం. మీరు కానాగంతలు అనగానే నాకు అనుమానం వచ్చింది. నాలుగు సంగతులు చెప్పండి. చేప ఐసులో వచ్చిందా, ఉత్త కవర్లో వచ్చిందా? ఇంటికొచ్చాక ఎంతసేపు బయట ఉంది? తింటున్నప్పుడు నాలుక మీద మిరియం కొరికినట్టు చుర్రుమందా? అత్తయ్యగారు తప్ప తిన్న ప్రతివాళ్లకూ వచ్చిందా?

మా వాడలో పెద్దవాళ్లు కానాగంత, సూర, వంజరం ఎండలో ఉంటే "ఒంటికి మంటెక్కిస్తుంది" అని పారేసేవాళ్లు. వాసన రాకపోయినా పారేసేవాళ్లు.

ఇంకో మాట, దీనికి సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేను. ఈ చేప శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కానగుర్త. పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు విశాఖపట్నం తీరంలోని 200 చేపల మీద 1803లో పుస్తకం వేస్తూ మన జాలర్ల పేర్లే రాసుకున్నాడు. అందులోంచే ఈ పేరు ప్రపంచమంతా పాకింది.

బెళ్ళందూరు అమ్మ · ఆగస్టు 4, ఉదయం 7:20

అన్నయ్యా, ఐసు లేదు. మామూలు కవర్లో వచ్చింది. డెలివరీ రెండు గంటలు ఆలస్యమైంది, తర్వాత మసాలా పట్టించి ఇంకో గంట బయటే ఉంచాను. మావారు తింటూ "కారం ఎక్కువైందా, నాలుక మండుతోంది" అన్నారు. నేను మామూలు కారమే వేశాను. తిన్న ప్రతివాళ్లకూ వచ్చింది. చెడు వాసన మాత్రం లేదు.

కణశాస్త్రం · ఆగస్టు 4, మధ్యాహ్నం 1:30

నేను ఇక్కడ ఒక ల్యాబులో ఇమ్యునాలజీ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. డాక్టర్ని కాను. వైద్యం మీ డాక్టరే చెప్పాలి, ఒంట్లో ఏం జరిగిందో మాత్రం నేను చెప్పగలను.

మన భాషలో "పడదు" అని ఒక మాట ఉంది. వంకాయ పడదు, పాలు పడవు, ఈ ఊరి నీళ్లు పడలేదు అంటాం. ఆ ఒక్క మాటలో నాలుగైదు వేర్వేరు జబ్బులు కలిసిపోతున్నాయి. మీ క్లినిక్‌లో జరిగింది కూడా అదేనని నా అనుమానం.

నిజమైన చేపల అలర్జీ ఎలా ఉంటుందో ముందు చూద్దాం. 1921లో జర్మనీలో ప్రౌస్నిట్జ్, క్యూస్ట్నర్ అని ఇద్దరు డాక్టర్లు. క్యూస్ట్నర్‌కి చేప తింటే ఒళ్లంతా దద్దుర్లు. ప్రౌస్నిట్జ్‌కి చేపతో ఏ ఇబ్బందీ లేదు. క్యూస్ట్నర్ రక్తం నుంచి తీసిన సీరం కొంచెం ప్రౌస్నిట్జ్ పొట్ట చర్మంలోకి ఎక్కించారు. మర్నాడు అదే చోట చేప సారం ఎక్కించగానే దద్దురు లేచింది. పక్క చర్మానికి ఏమీ కాలేదు. అంటే అలర్జీని మోసుకొచ్చే పదార్థం ఏదో రక్తంలోనే ఉందని తేలింది. అదేమిటో కనుక్కోవడానికి ఇంకో 45 ఏళ్లు పట్టింది. 1966లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగె, టెరుకో ఇషిజాకాలు, అదే రోజుల్లో విడిగా స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్‌లు దాన్ని పట్టుకున్నారు. ఇప్పుడు మనం ఐజీఈ అంటున్న యాంటీబాడీ అదే.

ఈ ఐజీఈ చర్మంలో, ముక్కులో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాలకు అంటుకుని కాపు కాస్తుంటుంది. మాస్ట్ కణం నిండా రేణువులు, వాటి నిండా హిస్టమిన్. ఆ చేప ప్రోటీన్ మళ్లీ వచ్చి రెండు ఐజీఈలను కలిపి లాగగానే కణం తన సరుకంతా ఒక్కసారిగా బయటికి కక్కేస్తుంది. రక్తనాళాలు వెడల్పై ముఖం ఎర్రబడుతుంది, వాటిలోంచి నీరు ఊరి దద్దురు లేస్తుంది, హిస్టమిన్ నరాలకు తగిలి దురద పుడుతుంది. ఊపిరి గొట్టాలు బిగిస్తే పిల్లికూతలు.

ఇందులో ఒక షరతు ఉంది. ఆ ప్రోటీన్ మీద మీ శరీరం ముందే ఐజీఈ తయారుచేసి పెట్టుకుని ఉండాలి. అది మనిషి మనిషికీ వేరు. మీ మామయ్యగారికి, మీవారికి, మీకు, బాబుకి, నలుగురికీ కానాగంత మీద ఐజీఈ ఉండి, అది ఇన్నేళ్లు బయటపడకుండా ఉండి, ఒకే శనివారం బయటపడటం నమ్మశక్యం కాని సంగతి.

తీరం గారు అడిగిన ప్రశ్నల్లోనే జవాబుంది. కానాగంత, సూర, వంజరం, కవ్వలు లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప చల్లగా లేకపోతే మోర్గనెల్లా లాంటి బ్యాక్టీరియా ఆ హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. అంటే మీ మాస్ట్ కణాలు ఏ తప్పూ చేయలేదు. హిస్టమిన్ ప్లేట్లోనే తయారై ఉంది, మీరు దాన్ని తిన్నారు. ఉడికించినా, వేయించినా, ఫ్రీజ్ చేసినా అది పోదు. వేడికి బ్యాక్టీరియా చస్తుంది, అది తయారుచేసిన సరుకు మిగిలిపోతుంది. వాసన కూడా రానక్కర్లేదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో చేపలో హిస్టమిన్ కిలోకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది దీనికోసమే. దీన్ని స్కాంబ్రాయిడ్ పాయిజనింగ్ అంటారు. విషాహారం అనండి, అలర్జీ అనకండి.

ఇంజెక్షన్‌తో తగ్గింది కాబట్టి అలర్జీయే అనుకోకండి. హిస్టమిన్ లోపలి నుంచి వచ్చినా, చేప నుంచి వచ్చినా మందు ఒకేలా పనిచేస్తుంది.

మందులకొట్టు · ఆగస్టు 4, మధ్యాహ్నం 2:15

పదహారేళ్లుగా ఫార్మసిస్టుగా ఉన్నాను, ఒక ప్రశ్న. అందరికన్నా మామయ్యగారికే ఎందుకు ఎక్కువైంది? ఆయన ఏ మందులు వాడుతున్నారు?

బెళ్ళందూరు అమ్మ · ఆగస్టు 4, మధ్యాహ్నం 2:50

బీపీ మాత్ర. ఇంకా... ఏప్రిల్ నుంచి టీబీ కోర్సు నడుస్తోంది. ఇక్కడ రాయడానికి కొంచెం ఇబ్బందిపడ్డాను, అందుకే ముందు చెప్పలేదు.

మందులకొట్టు · ఆగస్టు 4, మధ్యాహ్నం 3:10

ఇబ్బందిపడకండి అమ్మా. మీరు చెప్పడం వల్ల సగం చిక్కు విడిపోయింది. టీబీ మాత్రల్లో ఐసోనియాజిడ్ ఉంటుంది. 1952 నుంచి వాడుకలో ఉన్న మందు. మన పేగుల్లో హిస్టమిన్‌ని విరిచేసే ఎంజైములు ఉంటాయి, మామూలుగా చేపలో కాస్త హిస్టమిన్ ఉన్నా అవి సర్దేస్తాయి. ఐసోనియాజిడ్ ఆ ఎంజైములకు అడ్డుపడుతుంది. అందుకే మిగతా ముగ్గురికి ముఖం ఎర్రబడితే, ఆయనకు గుండె దడ దాకా వెళ్లి ఉంటుంది.

దయచేసి ఈ మాట విని టీబీ మాత్రలు ఆపకండి. ఒక్క రోజు కూడా. ఆపాల్సింది ఆ రకం చేపను. మందులిచ్చే చోట ఈ సంగతి చెప్పి సలహా తీసుకోండి. కోర్సు మొదలుపెట్టినప్పుడే ఆయనకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

రాత్రి షిఫ్ట్ · ఆగస్టు 4, రాత్రి 11:50

చేప సంగతి సరే. కానీ మన పిల్లల్లో ఇమ్యూనిటీ తగ్గిపోవడం వల్లే ఇన్ని అలర్జీలు వస్తున్నాయన్నది నా అభిప్రాయం. మా ఊళ్లో మట్టిలో ఆడుకున్నాం, ఎవరికీ ఏమీ లేదు. ఇక్కడ అపార్టుమెంట్లలో పిల్లలకు మట్టి వాసనే తెలియదు. ఇమ్యూనిటీ పెంచే ఆహారం ఇస్తే చాలావరకు తగ్గుతాయి.

కణశాస్త్రం · ఆగస్టు 5, ఉదయం 8:30

షిఫ్ట్ గారూ, మట్టి మాటలో కొంత నిజం ఉంది. 1989లో బ్రిటన్‌లో డేవిడ్ స్ట్రాకన్ చూపించింది అలాంటిదే. అన్నలు, అక్కలు ఎక్కువగా ఉన్న ఇంట్లో చిన్నపిల్లలకు ముక్కు అలర్జీలు తక్కువ. చిన్నతనంలో ఒకరి నుంచి ఒకరికి అంటే ఇన్‌ఫెక్షన్లు రోగనిరోధక వ్యవస్థకు ఏదో నేర్పిస్తున్నాయని ఆయన ఊహించారు.

రెండో మాట మాత్రం ఒప్పుకోలేను. అలర్జీ అంటే ఇమ్యూనిటీ తగ్గడం కాదు. గురి తప్పడం. ఐజీఈ నులిపురుగుల లాంటి పరాన్నజీవుల మీద పోరాటానికి పనికొస్తుంది. తేనెటీగ విషం నుంచి ఎలుకలను ఐజీఈ కాపాడుతుందని 2013లో ప్రయోగాల్లో తేలింది. ఇంత బలమైన ఆయుధం పుప్పొడి మీదకో, వేరుశనగ మీదకో తిరగడమే అలర్జీ. దాన్ని ఇంకా "పెంచితే" ఏం లాభం?

మన ఊరి సంగతి కూడా ఉంది. బెంగళూరులో డాక్టర్ పరమేశ్ 20,000 మంది పిల్లల మీద చేసిన ఆసుపత్రి అధ్యయనంలో ఉబ్బసం 1979లో 9 శాతం, 1999 నాటికి 29.5 శాతం. ఆసుపత్రికి వచ్చిన పిల్లల లెక్క కాబట్టి ఊరంతటికీ అదే శాతం అనుకోకూడదు. కానీ ఇరవై ఏళ్లలో ఆ పెరుగుదల చూడండి. ట్రాఫిక్ ఎక్కువ ఉన్నచోటి బడుల పిల్లల్లో ఎక్కువ కనిపించింది. మట్టి తగ్గడం ఒకటే కాదు, పొగ పెరగడం కూడా ఉంది.

పల్లీ చట్నీ · ఆగస్టు 5, ఉదయం 10:05

నేను ఈ మాటలు రాయకుండా ఉండలేను. చేప విషయంలో ఇది అలర్జీ కాదంటున్నారు, సరే. దయచేసి ఎవరూ "అలర్జీ అంతా భ్రమ" అనుకుని వెళ్లిపోకండి.

మా పాపకి రెండేళ్లప్పుడు ఒక హోటల్లో దోసెతో పల్లీ చట్నీ పెట్టాను. అయిదు నిమిషాల్లో పెదవులు ఉబ్బాయి, వాంతి, తర్వాత గొంతు బొంగురు, పిల్ల మెత్తబడిపోయింది. నా హ్యాండ్‌బ్యాగులో సీట్రిజిన్ సిరప్ ఉంది, అదే తాగించి కూర్చున్నాను. పది నిమిషాలు వృథా చేశాను. ఆసుపత్రిలో అడ్రినలిన్ ఇచ్చాక తేరుకుంది. అలాంటి ప్రమాదంలో ప్రాణం నిలబెట్టేది అడ్రినలిన్, తొడ బయటి వైపు కండలోకి. సిరప్ దద్దుర్లు తగ్గిస్తుంది, మూసుకుపోతున్న ఊపిరి గొట్టాన్ని తెరవదు, పడిపోయిన బీపీని లేపదు. ఈ సంగతి ఏ తల్లికైనా ముందే తెలియాలి. ఇప్పుడు మా దగ్గర ఎప్పుడూ మందు, సిరంజి, బరువును బట్టి ఎంత ఇవ్వాలో డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంటాయి. బడిలో కూడా ఒకటి ఇచ్చాం.

అమ్మా, మీ బాబుకి వేరుశనగ ఎప్పుడైనా తింటే ఏమైనా అయిందా? అది చెప్పండి ముందు.

బెళ్ళందూరు అమ్మ · ఆగస్టు 5, ఉదయం 10:40

మీరు పడిన బాధ చదివి చేతులు వణికాయండి. మా వాడు పల్లీలు రోజూ తినేవాడు. పాలు, గుడ్డు, పెరుగు అన్నీ. ఎప్పుడూ ఏమీ కాలేదు. రిపోర్టులో ఎర్రగా ఉందని ఆపాను, అంతే.

కణశాస్త్రం · ఆగస్టు 5, ఉదయం 11:25

రిపోర్టు మీద చిన్న అక్షరాల్లో ఐజీఈ అని ఉందా, ఐజీజీ అని ఉందా చూడండి.

బెళ్ళందూరు అమ్మ · ఆగస్టు 5, ఉదయం 11:32

ఐజీజీ.

కణశాస్త్రం · ఆగస్టు 5, మధ్యాహ్నం 12:10

అక్కా, అయితే ఆ 41 ఎరుపు గీతలు మీ బాబు ఏమేం తిన్నాడో చెప్పే జాబితా. ఏది పడదో చెప్పే జాబితా కాదు. ఐజీజీ అంటే ఐజీఈ కాదు, మరో రకం యాంటీబాడీ. మనం తినే ప్రతి ఆహారం మీదా కొంత ఐజీజీ తయారవడం సహజం. ముఖ్యంగా ఐజీజీ4 రకం శరీరం ఆ ఆహారాన్ని సహిస్తోందనడానికి గుర్తుగా కూడా పెరుగుతుంది. రోజూ తినే పాలు, కందిపప్పు ఎర్రగా రావడంలో వింతేముంది? ఆహార అలర్జీ తేల్చడానికి ఈ టెస్టు వాడొద్దని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే రాతపూర్వకంగా చెప్పింది. ఎదిగే పిల్లల పళ్లెంలోంచి పాలు, గుడ్డు, పప్పు తీయించే ఈ రిపోర్టులను ఇంకా అమ్ముతున్నారంటే నాకు కోపం వస్తోంది.

ఐజీఈ టెస్టు కూడా సర్వం కాదు. అందులో పాజిటివ్ వచ్చి హాయిగా తినేవాళ్లు చాలామంది ఉంటారు. తిన్నప్పుడు ఏమైందన్న కథే మొదటి సాక్ష్యం, టెస్టు రెండోది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఇవాళే గ్లాసుడు పాలు తాగించేయకండి. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో ఒక ఆహారాన్ని వారాల తరబడి ఆపేసి మళ్లీ ఇస్తే, అంతకుముందు లేని తక్షణ అలర్జీ కొందరిలో బయటపడిన సందర్భాలున్నాయి. కడుపుకి రోజూ అందుతుంటే శరీరం అలవాటు పడి ఉంటుంది. పగిలిన చర్మం గుండా మాత్రమే అందితే ఐజీఈ వైపు తిరిగే అవకాశం ఎక్కువ. 2015లో లీప్ అని ఒక అధ్యయనం వచ్చింది. ఎగ్జిమా ఎక్కువగా ఉన్నవాళ్లు, గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లు, మొత్తం 640 మంది పసిపిల్లలు. వేరుశనగ పూర్తిగా మాన్పించిన గుంపులో ఐదేళ్లు వచ్చేసరికి 17.2 శాతం మందికి ఆ అలర్జీ వచ్చింది, మొదటి ఏడాది నుంచే తినిపించిన గుంపులో 3.2 శాతం మందికే. పసిపిల్లలకు వేరుశనగ పెట్టొద్దని అంతకుముందు ఏళ్ల తరబడి డాక్టర్లు తల్లులకు చెప్పిన సలహా దీనితో తిరగబడింది.

పిల్లల అలర్జీ నిపుణుల దగ్గరికి వెళ్లండి. స్కిన్ టెస్టు చేస్తారంటే అయిదారు రోజుల ముందు నుంచి సీట్రిజిన్ లాంటివి ఆపాల్సి ఉంటుంది, ఫోన్ చేసినప్పుడే అడగండి.

అనంతపురం 68 · ఆగస్టు 5, సాయంత్రం 6:45

నేను ఈ ఊరొచ్చి నలభై ఏళ్లయింది నాయనా. లేఅవుట్ల దగ్గర సర్వే పని చేసేవాణ్ణి. ముఖం, మెడ, మోచేతులు నల్లబడి తోలు మందమై పగిలేవి. ఎండాకాలం పోయి వాన పడితే మొదలు. అవిల్ మాత్రలు ఏళ్ల తరబడి మింగాను. నిద్ర పట్టేదే తప్ప దురద పోలేదు. చివరికి ఒక చర్మవైద్యుడు వీపు మీద ప్యాచ్‌లు అంటించి రెండు రోజుల తర్వాత చూసి, ఇది వయ్యారిభామ అన్నాడు. అదే, కాంగ్రెస్ గడ్డి. కణశాస్త్రం బాబూ, మరి దానికి మాత్ర ఎందుకు పనిచేయలేదు? ఇన్నేళ్లయినా నాకు ఎవరూ చెప్పలేదు.

కణశాస్త్రం · ఆగస్టు 5, రాత్రి 9:15

పెద్దాయనా, మీకు జరిగిన దాంట్లో హిస్టమిన్ పాత్ర చాలా తక్కువ. వయ్యారిభామలో పార్థెనిన్ అనే రసాయనం ఉంటుంది. అది చర్మంలోని ప్రోటీన్లకు అతుక్కుంటే టీ కణాలు అనే రోగనిరోధక కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. మళ్లీ తగిలినప్పుడు ఆ కణాలు అక్కడికి చేరి మంట పెట్టడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే మీ డాక్టరు రెండు రోజులాగి చూశారు. ఐజీఈ కథ నిమిషాల్లో నడుస్తుంది, ఇది రోజుల్లో.

మాత్ర ఏం చేస్తుందో చెబుతాను. బస్సులో సీటు మీద రుమాలు వేస్తాం కదా, అవిల్, సీట్రిజిన్ లాంటి యాంటీ హిస్టమిన్ మందు చేసేది అదే. హిస్టమిన్ వచ్చి కూర్చోవాల్సిన చోట ముందే రుమాలు వేసి ఉంచుతుంది. మాస్ట్ కణాన్ని ఆపదు, ఐజీఈని తగ్గించదు. మీ చర్మంలో ఆ బస్సు ఎక్కింది హిస్టమిన్ కాదు, టీ కణాలు. నిద్ర మాత్రం ఎందుకొచ్చిందంటే, మెదడులో మనల్ని మెలకువగా ఉంచే వాటిలో హిస్టమిన్ ఒకటి. అవిల్ లాంటి పాత మందులు మెదడులోకి వెళ్లి అక్కడ కూడా రుమాలు వేస్తాయి. ఫెక్సోఫెనడిన్ లాంటి కొత్తవి అంతగా వెళ్లవు. ఈ మందుల దారి తెరిచిన డానియెల్ బోవెకి 1957లో నోబెల్ వచ్చింది.

ఇంకొకటి. ఆ గడ్డిని తినే మెక్సికో పెంకుపురుగును మన దేశంలో మొదట వదిలింది బెంగళూరులోనే, 1984లో. మీరు సర్వే చేసిన రోజుల్లో అది మీ చుట్టూ తిరిగే ఉంటుంది.

అనంతపురం 68 · ఆగస్టు 5, రాత్రి 9:50

చారల పురుగు. ఆకుల నిండా ఉండేది, చూశాను. అది దేనికో నాకు తెలియదు అప్పుడు. చల్లగా ఉండు నాయనా.

బెళ్ళందూరు అమ్మ · ఆగస్టు 31, రాత్రి 8:30

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. అన్నీ అయ్యాక రాద్దామని ఆగాను.

మామయ్యగారి టీబీ డాక్టరుకు చెప్పాం. మాత్రలు యథాతథంగా వేసుకోవాలి, కోర్సు అయ్యేదాకా ఆ రకం సముద్రపు చేపలు వద్దన్నారు. నాకు, మావారికి, బాబుకి చేప మీద స్కిన్ టెస్టు నెగెటివ్. డాక్టరు గారు కథంతా విని, స్కాంబ్రాయిడ్ అని ఆవిడే కాగితం మీద రాశారు.

బాబుకి పాలు, గోధుమ, పల్లీ అన్నీ నెగెటివ్. గుడ్డుకి చిన్న దద్దురు లేచింది. అందుకే గుడ్డు ఇంట్లో పెట్టనివ్వలేదు, ఆసుపత్రిలోనే కొంచెం కొంచెంగా పెడుతూ కూర్చోబెట్టి చూశారు. నేను ఆ రెండు గంటలూ వాడి పెదవులవైపే చూస్తూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. గట్టిగా పాజిటివ్ వచ్చింది ఒక్కటే, ఇంటి దుమ్ములో ఉండే డస్ట్ మైట్ అనే సూక్ష్మమైన పురుగు. ఎగ్జిమాకు, పొద్దుటి తుమ్ములకు అదొక కారణం కావచ్చన్నారు. ఆ 41 పేర్ల జాబితాలో అది లేనే లేదు.

తీరం అన్నయ్యా, ఇప్పుడు చేప వస్తే ముందు ఐసు చూస్తున్నాను. కరిగిపోయి ఉంటే తిప్పి పంపేస్తున్నాను.

నిన్న రాత్రి వాడు పెరుగన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. రెండోసారి మీగడ వేయమన్నాడు.

విశాఖ తీరం · ఆగస్టు 31, రాత్రి 9:05

చాలా సంతోషం తల్లీ. తెచ్చిన చేప మసాలా పట్టించాక కూడా ఫ్రిజ్‌లోనే పెట్టు. బయట వద్దు.

హొరమావు · ఆగస్టు 31, రాత్రి 9:40

అక్కా, మంచి వార్త. నేను కూడా టెస్టుకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, సీట్రిజిన్ ఆపి మూడో రోజు, తుమ్ములతో చస్తున్నాను. ఆ డస్ట్ మైట్‌కి దిండు గలీబులు ఎంత వేడినీళ్లలో ఉతకాలి? చన్నీళ్లయితే చాలదా?

కణశాస్త్రం · ఆగస్టు 31, రాత్రి 10:02

55 డిగ్రీలు దాటాలి, మెషీన్లో 60 పెట్టండి, వారానికోసారి. చన్నీళ్లతో అలర్జీ కలిగించే మలినం చాలావరకు పోతుంది కానీ పురుగులు చావవు. పరుపుకీ దిండుకీ జిప్పు ఉన్న దట్టమైన కవర్లు వేయండి. వానాకాలంలో కిటికీలు మూసి గదిలో తడిబట్టలు ఆరేయకండి, తేమ ఉంటేనే అవి బతికేది.